బూడిద చెరువు చార్జి

పవర్‌హౌస్ క్వార్టర్స్, కింది వరుస
ఆదివారం, మిట్టమధ్యాహ్నం

మరదలా,

క్షేమమా అని అడగను. నాలుగో అంతస్తులో ఏసీ కింద కూర్చున్నవాళ్ళకు ఏం రోగం? ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో మనిద్దరం మూడో మాటకే అరుచుకుంటాం, నాలుగో మాటకు ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు. చివరిదాకా చదివి చావాలి.

మొన్న మీ మంత్రిగారు టీవీలో కొత్త వాతావరణ విధానం పుస్తకం విడుదల చేశారు కదా. అందులో సగం మా ఆడపడుచు రాసిందేనని కంట్రోల్ రూమ్‌లో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. మేనేజరు ఒక కాపీ తెప్పిస్తే ముందు నేనే లాక్కుని మా పవర్‌హౌస్ పేజీ తీశాను. వానలు మొదలయ్యే నెలలో మూసేస్తారట. సరే. ఎప్పటికైనా మూయాల్సిందే. ఆ పక్కనున్న పటం చూశాక మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

మన బూడిద చెరువుకు ఆకుపచ్చ రంగు వేశారు!

అసలు ఆ చెరువును ఎప్పుడైనా చూశారా మీవాళ్ళు? నువ్వు చూశావు. నలభై ఏళ్ళ బొగ్గు కాలి మిగిలిన బూడిదంతా నీళ్ళలో కలిపి గొట్టాల్లో పంపి నింపిన చెరువది. చుట్టూ మట్టి గట్టు, గట్టు కింద మా కింది వరుస ఇళ్ళు. వానాకాలమంతా పంపులతో పైనీళ్ళు తోడకపోతే గట్టు నానుతుంది. నానితే జారుతుంది. జారితే ఆ బురదంతా మా పడగ్గదుల్లోకి వస్తుంది. చిన్నప్పుడు ఆ గట్టు మీద నుంచి జారి మోకాలు చీల్చుకున్న పిల్లకు ఈ సంగతి నేను చెప్పాలా?

మా షిఫ్టు మారే పద్ధతి నీకు తెలుసు, అయినా చెబుతాను. వచ్చే మనిషి రానిదే పోయే మనిషి కుర్చీ దిగకూడదు. దిగేముందు బాగున్నవేవీ చెప్పకూడదు, బాగాలేనివి మాత్రమే చెప్పాలి. ఏ వాల్వు కారుతోంది, ఏ బేరింగు వేడెక్కుతోంది, అంతే. వచ్చిన మనిషి అవన్నీ తన నోటితో తిరిగి చెప్పి "చార్జి తీసుకున్నాను" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా లేవం. ఇంట్లో చావు కబురు వచ్చినా లేవని మనిషిని నేను చూశాను. మీ పుస్తకం నిండా బాగున్నవే రాశారు. బాగాలేనిదానికి ఒక్క పేజీ లేదు. మేం మూసి వెళ్ళిపోయాక ఆ చెరువు చార్జి ఎవరు తీసుకుంటారు? నాకు ఒక్క మనిషిని చూపించు చాలు.

మీ అన్నయ్య సంగతి. మీ శాఖ పెట్టిన కొత్త పని శిక్షణకు వెళ్తున్నాడు. ఇన్నేళ్ళూ బాయిలర్ గొట్టాలకు వెల్డింగ్ చేసిన మనిషికి మొదటి వారం ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పారు. ఇప్పుడు పొద్దున్నే అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేస్తున్నాడు. కిటికీలోంచి చూసి పక్కింటావిడ "వదినగారూ, అన్నయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. పొమ్మనలేక పొగబెట్టారంటారు. మీరు పొగ ఆపేసి మరీ పొమ్మంటున్నారు.

జవాబు రాయి. సంజాయిషీ కాదు, జవాబు.

వదిన


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
బుధవారం, భోజనాల వేళ

వదినా,

చివరిదాకా చదివాను, చచ్చాను. ఏసీ చెడిపోయి నెల దాటింది. బాగు చేయించమని రాసిన ఫైలు కూడా మా పెద్దాఫీసరు బల్ల మీదే ఉంది. ఆయన ఏ కాగితం ఇచ్చినా "తరవాత చూద్దాం" అంటారు కాబట్టి ఆయనకు మేం పెట్టుకున్న పేరు కూడా అదే, తరవాత చూద్దాం గారు.

ఇక విను. నీకు చెరువు గుర్తుంది. నాకు దగ్గు గుర్తుంది. అమ్మ తెల్ల దుప్పటి ఆరేస్తే సాయంత్రానికి అది ఏ రంగుకు తిరిగేదో నువ్వూ చూశావు. నా దగ్గు అంటుకుంటుందని బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. పొగగొట్టం కనబడినంత మేరా నాకు ఊపిరి ఆడేది కాదు. ఈ ఎండాకాలం మా ఆఫీసు ఎదుట రోడ్డు వేస్తున్న మనిషి నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. ఆస్పత్రికి వెళ్ళేదాకా కూడా ప్రాణం ఆగలేదు. ఆ పుస్తకం నేను జీతం కోసం రాశాననుకున్నావా? కసితో రాశాను. నా చేతనైతే మీ పవర్‌హౌస్‌ను నిన్ననే మూయించేదాన్ని.

మీవాళ్ళ ఎత్తులు నాకు కొత్త కాదు. మూసివేత అనేసరికి ఏదో ఒక వంక. ఒకసారి ఉద్యోగాలన్నారు, ఒకసారి ఆస్పత్రి అన్నారు, ఇప్పుడు చెరువు దొరికింది. ఆ గట్టు ఎత్తు పెంచుకుంటూ పోయిందెవరు? మా శాఖా? ప్రతిసారీ "ఇంకో రెండు అడుగులు లేపితే ఏం కాదు" అన్నది మీ ఇంజనీర్లే. ఇన్నేళ్ళు నోరెత్తనివాళ్ళకు మూసే ముందే గట్టు గుర్తొచ్చిందా?

నువ్వు అడగకముందే చెబుతున్నాను. చెరువు మీద ఒక అధ్యాయం రాశాను. పంపులెవరు ఆడించాలి, ఎన్నాళ్ళు ఆడించాలి, గట్టును ఎవరు కాచుకోవాలి, అన్నీ రాశాను. తరవాత చూద్దాం గారు పిలిచి, "ఇది పెడితే ఆర్థిక శాఖ ఫైలు తిప్పి పంపుతుందమ్మా. ఫైలు తిరిగొస్తే మూసివేత రెండేళ్ళు వెనక్కి పోతుంది. ముందు పొగ ఆగనీ. చెరువు సంగతి తరవాత చూద్దాం" అన్నారు. వాదించాను. గొంతు పోయేదాకా వాదించాను. ఓడిపోయాను. రెండేళ్ళ పొగా, ఒక అధ్యాయమా అంటే నేను పొగ ఆపడం వైపే ఉంటాను వదినా. తిట్టుకుంటే తిట్టుకో.

ఆకుపచ్చ సంగతి నాకు తెలియదు. పటం వేసిన కంపెనీ వాళ్ళు ఇళ్ళు లేని చదును నేలంతా పచ్చగా వేసేశారట. అక్కడ సోలార్ పార్కు వస్తుంది. వచ్చాక నువ్వే మెచ్చుకుంటావు.

అన్నయ్యను నవ్వు మానమను. అసలే ఆ పళ్ళు.

మరదలు


పవర్‌హౌస్ క్వార్టర్స్, కింది వరుస
శనివారం, డ్యూటీ దిగి వచ్చాక

ఆఫీసరమ్మగారికి,

నేను మూయొద్దన్నానా? నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. "సరే" అని రాశాను. నీ కళ్ళకు అది కనబడలేదు, ఎందుకంటే నువ్వు నా ఉత్తరం చదవలేదు, నీ కోపాన్ని చదువుకున్నావు.

దగ్గు నీ ఒక్కదాని ఆస్తి అనుకున్నావా? పెళ్ళయి ఈ ఇంట్లో అడుగు పెట్టిన వారం నుంచీ నీ ఛాతీకి ఆవిరి పట్టింది ఎవరు? దుప్పటి కప్పి, నీతోపాటు నేనూ లోపల కూర్చుని, నువ్వు ఊపిరి ఆడక గోళ్ళతో నా చేయి గీరేస్తుంటే పట్టుకుని కూర్చుంది ఎవరు? పొగ మంచిదని నాకు పాఠం చెప్పాల్సిన అవసరం లేదు, చెడ్డదని కూడా చెప్పక్కర్లేదు.

గట్టు మేమే లేపాం. అవును. ఎండాకాలం మీ రాజధానిలో ఒక్క ఫ్యాను ఆగకూడదని ఆర్డరు వచ్చినప్పుడల్లా బొగ్గు ఎక్కువ కాల్చాం, బూడిద ఎక్కువైంది, గట్టు లేపాం. ఇప్పుడు మీకు కొత్త దారి దొరికింది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారట. తగలెయ్యండి, నాకేం బాధ లేదు. కానీ తెప్ప మీద ఇంకా మనుషులున్నారు, ముందు వాళ్ళను దింపండి.

నీ సోలార్ పార్కు ముచ్చట కూడా చెబుతాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా మేనేజరు ఆ కంపెనీకి రాశాడు. చెరువు ఎండాక తీసుకుంటామన్నారు. ఎండాలంటే నీళ్ళు తోడాలి. తోడేది పవర్‌హౌస్. మూశాక పవర్‌హౌస్ ఎక్కడుంటుంది? నీటి శాఖకు రాస్తే "అందులో ఉన్నది బూడిద, అది మా కిందకు రాదు" అన్నారు. గనుల శాఖకు రాస్తే "బొగ్గు కాలకముందు వరకే మాది" అన్నారు. ఎవరికి వారే యమునా తీరే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ పంపులకు కరెంటు మా లోపలి బోర్డు నుంచే పోతుంది. మేం బొగ్గు ఆపినా బయటి నుంచి కరెంటు తెచ్చుకుని పంపులు ఆడించవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. కానీ మూసిన రోజు సాయంత్రమే ఆ లైను తెంపాలని నిన్న ఉత్తర్వు వచ్చింది. ఎందుకో అడుగు. పవర్‌హౌస్ ఇక ఒక్క యూనిట్ కూడా వాడటం లేదని మీ శాఖ తన పట్టికలో సున్నా చూపించాలట! ఆ సున్నా అందంగా రావడానికి మా ఇళ్ళ మీది పంపులు ఆపుతున్నారు. లోకంలో ఇంత తెలివైన తప్పు ఇంకెవరైనా చేస్తారా?

నీకు ఇష్టమైన పచ్చడి చేసి సీసాలో పెట్టాను. పంపను. నువ్వే వచ్చి తీసుకో.

వదిన


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
సోమవారం, మబ్బు పట్టింది

వదినా,

ఈ ఉత్తరం కూడా కోపంతోనే రాస్తున్నాను. ఈసారి నీ మీద కాదు అని రాయబోయాను. అదీ నిజం కాదు. నీ మీద కూడా ఉంది, చివర్లో చెబుతాను.

నీ సున్నా సంగతి చదివి, అంత దరిద్రం మావాళ్ళు చేయరనుకుని పట్టికల గదికి వెళ్ళాను. చేశారు. అక్కడి అమ్మాయి కొత్తగా చేరింది, పాపం. "మూసిన ప్లాంటు వాడకం సున్నా ఉండాలని నమూనాలోనే ఉంది మేడం. ఇంకే అంకె వేసినా కంప్యూటరు తీసుకోదు" అంది. వేసి చూపించింది కూడా. ఎర్రగా మెరిసి తిప్పి కొట్టింది. చెరువు పంపుల కోసం అక్కడ గడే లేదు.

ఆ మధ్యాహ్నం అన్ని శాఖలవాళ్ళూ వచ్చే సమావేశం ఉంటే, నా వంతు రాకుండానే లేచి నిలబడ్డాను. చెరువు చార్జి ఎవరిదని అడిగాను. నీటి శాఖాయన గనుల శాఖాయన్ను చూశాడు, ఆయన కిటికీని చూశాడు. భూముల శాఖావిడ పటం తీసి, "ఇక్కడ చెరువే లేదండీ, పచ్చిక ఉంది" అంది.

"నేను అక్కడే పుట్టానండీ. చెరువుంది" అన్నాను.

"మీరు పుట్టినప్పుడు ఉండి ఉంటుంది. రికార్డు ప్రకారం ఇప్పుడు లేదు."

అందరూ నవ్వారు. టీ తెచ్చిన మనిషి కూడా. తరవాత చూద్దాం గారు నా వైపు చేయి ఊపి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఇంటికి వెళ్ళి, తీసేసిన అధ్యాయాన్ని మళ్ళీ శుభ్రంగా టైపు చేసి, పైన ఒక నోట్ రాశాను. ఈ విధానం పొగను ఆపి బూడిదను జనం మీదికి వదిలేస్తోందని, గట్టు తెగితే బాధ్యత ఈ ఫైలు చూసిన ప్రతి ఒక్కరిదీ అని, సంతకం పెట్టి, మంత్రిగారి పేషీకి నేరుగా ఇచ్చి వచ్చాను. పెద్దాఫీసరును దాటి వెళ్ళడం మా దగ్గర హత్య చేసినంత నేరం. ఆయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. "తరవాత చూద్దాం" అని కూడా అనడం లేదు. ఇన్నేళ్ళూ పొగ మీద ఉన్న కోపం ఇప్పుడు ఈ బల్లలూ కుర్చీల మీదికి మళ్ళింది వదినా. ఇదే కావాలని కష్టపడి చదివానా అనిపిస్తోంది.

ఇప్పుడు నీ మీద కోపం. గట్టు అడుగున చెమ్మ కనబడిందట కదా? నిన్న అన్నయ్య ఫోన్లో చల్లగా చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. నువ్వు ఇన్ని పేజీలు తిట్టడానికి తీరిక చేసుకున్నావు, ఆ ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదా? పరాయిదాన్ని చేశావు నన్ను.

మరదలు


పవర్‌హౌస్ క్వార్టర్స్, కింది వరుస
గురువారం, తొలి వాన పడి వెలిశాక

మరదలా,

మీ అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ నవ్వు శిక్షణ ఇచ్చినవాళ్ళు నోరు మూసుకోవడం నేర్పినా బాగుండేది.

ఎందుకు రాయలేదో విను. రాస్తే నువ్వేమనేదానివి? "మూసివేత ఆపడానికి ఇంకో వంక" అనేదానివి. అనవా? నీ మొదటి ఉత్తరంలోనే అన్నావు. ఆ మాట నన్ను కాల్చింది. నాకు నిజంగా ప్రమాదం కనబడినప్పుడు, నా మరదలే నమ్మదనిపించి కలం పక్కన పెట్టాను. అది నా పౌరుషం. పరాయిదాన్ని చేసింది నేను కాదు, ముందు నువ్వే.

చెమ్మ సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పంపు ఆపరేటరు, ఆ పొడుగాయన, నన్ను పిలిచి చూపించాడు. గట్టు అడుగున ఒక దుప్పటి పరిచినంత మేర నేల మెత్తబడింది. కాలు పెడితే నీళ్ళు ఊరుతున్నాయి. నీళ్ళు తేటగా వస్తున్నంతవరకు గట్టు నిలబడుతుంది. బూడిద రంగుకు తిరిగాయంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, అప్పుడు ఇళ్ళు ఖాళీ చేసి పరుగెత్తడమే. ఇప్పటికి తేటగానే ఉన్నాయి. రోజూ గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. పంపులు ఆడినంతకాలం ఆ దుప్పటి అంత త్వరగా పెరగదు. ఆగితే ఏమవుతుందో నీకు రాయక్కర్లేదు.

మేనేజరుకు చెప్పాను. "ఇంకెన్ని రోజులున్నాం మేడం, పోయేముందు గొడవెందుకు" అన్నాడు. ఆయనకు వేరే ఊళ్ళో ఇల్లు తయారైంది.

మూసివేత రోజు సభ ఉంది. మంత్రిగారు వేదిక మీద పెద్ద ఎర్ర మీట నొక్కుతారు. ఆ మీటకు వైరు లేదు. చప్పట్లు వినబడగానే లోపల నేను బాయిలర్ ఆపాలి. మంత్రాలకు చింతకాయలు రాలవు కదా, కింద ఎవరో ఒకరు చెట్టు ఊపాలి. ఆఖరి షిఫ్టు నాకే వేశారు, గౌరవమట. మీ అన్నయ్య వేదిక మీద కూర్చుంటాడు, శిక్షణ పొందిన ఆదర్శ కార్మికుడిగా.

నిన్న డ్యూటీ చార్టు గోడకు అంటించారు. నా పేరు తరవాత, నన్ను దింపాల్సిన మనిషి పేరు రాసే గడి ఖాళీగా ఉంది. చాలాసేపు ఆ గడినే చూస్తూ నిలబడ్డాను. మరదలా, ఇన్నేళ్ళ సర్వీసులో చార్జి ఇవ్వకుండా నేను ఎప్పుడూ కుర్చీ దిగలేదు. ఆఖరి రోజు దిగుతానా?

లైను నేను తెంపను. లేవను. ఎవరినైనా పంపమను.

వదిన


(పోస్టుకార్డు, చిరునామా లేదు)

వదినా,

పిచ్చి పని చేయకు. ఆఖరి రోజు ఉత్తర్వు ధిక్కరిస్తే ఇన్నేళ్ళ సర్వీసూ బూడిదలో పోసిన పన్నీరే. వాళ్ళు నీ కోపం చూడరు, నీ సంతకం లేకపోవడమే చూస్తారు. నువ్వు కూర్చుంటే గట్టు నిలబడదు, పంపు ఆడితే నిలబడుతుంది. ఆ రెండింటికీ తేడా తెలిసిన మనిషివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?

ఇక మీదట ఆఫీసు చిరునామాకు రాయకు. ఎందుకని అడగకు. ఇప్పుడు చెప్పలేను.

మరదలు


కంట్రోల్ రూమ్, నా కుర్చీ
మూసివేత రోజు, సాయంత్రం

మరదలా,

రాయొద్దన్నావు. వేరే చిరునామా ఇవ్వలేదు. అందుకని పాతదానికే రాస్తున్నాను. చేరితే చేరుతుంది, లేకపోతే తరవాత చూద్దాం గారు చదువుకుంటారు. చదవనీ.

నువ్వు తప్పుకున్నావనే అనుకుంటున్నాను. నోట్ రాశాను, నా పని అయిపోయింది అని చేతులు దులుపుకున్నావు. నలుగురూ చేసేదే. కానీ నువ్వు చేస్తే తట్టుకోలేకపోతున్నాను, అదీ రాస్తున్నాను.

పొద్దున చప్పట్లు వినబడ్డాయి. ఆపాను. బాయిలర్ చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దం ఈ గదిలో నేను ఎప్పుడూ వినలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. "మంచిది, ఇక నా మరదలు దగ్గదు" అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. ఆ మాట నీ దాకా చేరుతుందో లేదో.

తరవాత మేనేజరు వచ్చి పంపుల లైను తెంపమన్నాడు. "చార్జి తీసుకునేదెవరు?" అన్నాను. "ఎవరూ లేరు మేడం, ప్లాంటే లేదు" అన్నాడు. "చెరువుంది కదా" అన్నాను. పేపర్ల మీద పేపర్లు తెచ్చాడు. చదివి పక్కన పెట్టాను. చివరికి సభకు వచ్చిన మీ పెద్దాయన్నే తీసుకొచ్చాడు. మనిషి మెత్తగానే మాట్లాడతాడు.

"ఏంటమ్మా, ఇంత మంచి రోజున? లే. చెరువు సంగతి తరవాత చూద్దాం."

"తరవాత అంటే వానలు తగ్గాకా అండీ, ముందా?"

"అన్నిటికీ ఒక పద్ధతి ఉంటుందమ్మా."

"మాకూ ఒకటుందండీ. మీరు ఆ గట్టుకేమైందో ఒక్కసారి మీ నోటితో చెప్పి, చార్జి తీసుకున్నాను అనండి. ఈ క్షణం లేస్తాను."

ఆయన గడియారం చూసుకున్నాడు. మీ ఆడపడుచు కూడా ఇలాగే మొండికేసి తన పీకల మీదికి తెచ్చుకుంది అన్నాడు. "ఏమైంది ఆమెకు?" అని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. ఆయన అప్పటికే తలుపు దాటాడు. ఏం చేశారే నిన్ను?

వాన జోరందుకుంది. పంపులు ఆడుతున్నాయి, బోర్డు మీద దీపాలు కనబడుతున్నాయి. మీ అన్నయ్య వేదిక దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు, మెడలో ఇంకా ఆ బ్యాడ్జీ ఉంది. తిడతాడనుకున్నాను. అన్నం డబ్బా నా ముందు పెట్టి కింద గోడకానుకుని కూర్చున్నాడు. ఆ నేర్పిన నవ్వు లేదు ముఖంలో. పొద్దున్నే పోలీసులను పిలుస్తారట. పిలవనీ.

ఆ గడి ఖాళీగానే ఉంది.

వదిన


బూడిద చెరువు గట్టు, పంపు గది
మర్నాడు పొద్దున, వాన పడుతూనే ఉంది

వదినా,

తెల్లారగానే గట్టు చూడటానికి వచ్చిన అన్నయ్య చేతికిచ్చి ఈ కాగితం పంపుతున్నాను. నేనే వచ్చేదాన్ని, కానీ పద్ధతి ప్రకారం చార్జి తీసుకునే మనిషి తన చోటు వదిలి రాకూడదు. నీ దగ్గరే నేర్చుకున్నాను.

నోట్ పెట్టినందుకు నన్ను బదిలీ చేశారు. "ఆ చెరువు మీద అంత ప్రేమ ఉంటే వెళ్ళి దాని పక్కనే కూర్చోమనండి" అన్నారట పేషీలో. ఎగతాళికి ఒక పదవి కూడా పుట్టించారు, ప్రత్యేక అధికారి, మిగులు స్థలాలు. గది లేదు, గుమాస్తా లేడు, జీపు లేదు. ఉత్తర్వు టైపు చేసినవాళ్ళే నవ్వారు. నీకు చెప్పలేదు, ఎందుకంటే చెబితే నువ్వు రాజధానికి వచ్చి గొడవ చేసి కుర్చీ పోగొట్టుకునేదానివి. అదీగాక నాకు సిగ్గేసింది.

అయితే ఆ ఉత్తర్వు చివర, ఎవరూ చదవకుండా సంతకం పెట్టిన ఒక వాక్యం ఉంది. సదరు స్థలాల చార్జి ఈ అధికారికి చెందును అని. చార్జి అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఆ శిక్షను రెండు చేతులా అందుకున్నాను. వారమంతా పంపులకు వేరే కరెంటు కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగాను. శాఖ పేరున కనెక్షన్ కావాలంటే ఏడాది పడుతుంది, సొంత పేరున అయితే ఇంటికి ఇచ్చినట్టు ఇస్తారు. "చెరువు గట్టు మీద ఇల్లు కట్టుకుంటున్నారా?" అని అడిగాడు కౌంటర్లో మనిషి. అవునన్నాను, ఇచ్చారు.

కాబట్టి ఇది నా మొదటి ఆర్డరు. పంపుల లైను తెంపవద్దు. బోర్డుకు తాళం వేసి తాళంచెవి అన్నయ్యతో పంపు. నా ఆర్డరు రద్దు చేయాలంటే ఫైలు తరవాత చూద్దాం గారి బల్ల మీదికే వెళ్ళాలి. ఆయన ఎప్పుడు చూస్తారో మనకు తెలుసు. జన్మలో మొదటిసారి ఆయన అలవాటుకు దణ్ణం పెడుతున్నాను.

ఇప్పుడు విను, అప్పగింత పద్ధతిలోనే చెబుతున్నాను. గట్టు అడుగున చెమ్మ ఒక దుప్పటంత ఉండేది, రాత్రి వానకు రెండు దుప్పట్లయింది. వాళ్ళు ఏనాడైనా లైను తెంపితే నా కనెక్షన్ మీద చిన్న పంపు మాత్రమే ఆడుతుంది, అదీ మూతి దగ్గర కారుతోంది. పంపు ఆపరేటరు ఉద్యోగం నిన్నటితో పోయింది, అయినా పొద్దున్నే వచ్చి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, ఆయనకు జీతం ఎవరిస్తారో తెలియదు. పుస్తకంలో చెరువు ఇంకా పచ్చగానే ఉంది. సోలార్ కంపెనీ ఇంకా ఎండాలనే అంటోంది. పంపు గది తలుపుకు గడియ లేదు. నా దగ్గు తిరగబెట్టింది. నేను తప్పుకున్నానని నువ్వు నమ్మావట, అన్నయ్య చెప్పాడు. దానికి నీ మీద వచ్చిన కోపం ఇంకా దిగలేదు, దిగదు కూడా ఇప్పట్లో.

చార్జి తీసుకున్నాను. లే వదినా, ఇంటికి వెళ్ళి పడుకో.

బాగున్నవేవీ చెప్పకూడదన్నది మీ నియమం కాబట్టి ఇంకేమీ రాయడం లేదు.

మరదలు